గళ్ళ కుచ్చిళ్ళు

"సైజెంత?" అని అడిగింది కౌంటరు దగ్గరి పిల్ల.

గంగులమ్మ క్యారీబ్యాగులోంచి గళ్ళగుడ్డను సగం బయటికి లాగి చూపించింది. "సైజు కాదమ్మా, ఇట్లాంటిది కుట్టేవాళ్ళు కావాలి," అంది తనకొచ్చిన హిందీలో. ఆ పిల్ల గుడ్డను ముట్టుకోకుండా మెడ చాచి చూసి, లోపలికి పోయి ఒక ప్లాస్టిక్ ప్యాకెట్టు తెచ్చి పెట్టింది. స్కూలు ఫంక్షన్లలో పిల్లలకు కట్టే వేషం అది. నడుముకు ఎలాస్టిక్కు, పైన అచ్చు గుద్దిన గళ్ళు. స్మాల్, మీడియం, లార్జ్ ఉన్నాయట. పెద్దవాళ్ళకైతే వేరే బ్రాంచి నుంచి తెప్పిస్తారట.

"కుట్టేవాళ్ళు లేరా?"

"ఇక్కడ కొన్న ప్యాంట్లకు అంచు మడిచి కుడతాం. అదీ బిల్లు ఉంటేనే."

దుకాణం చివర ఒక తెర, తెర వెనక మిషను చప్పుడు. తెర సందులోంచి కళ్ళద్దాల మనిషి ఒకడు తల ఎత్తి చూసి, మళ్ళీ వంచేసుకున్నాడు. గంగులమ్మ గుడ్డను మడిచి సంచిలో పెట్టుకుంది. అప్పటికి ఆ ఆదివారం మూడు మాల్స్ తిరిగింది. మూడింట్లోనూ అవే లైట్లు, అదే చల్లదనం, అవే బోర్డులు, అదే "సైజెంత?" ఎక్కడ మొదలుపెట్టిందో ఎక్కడికి వచ్చిందో ఆమెకే తెలియలేదు. కాళ్ళు మాత్రం లాగేస్తున్నాయి.

బయట కారు దగ్గర జిలాని సిగరెట్టు ఆర్పి నిలబడ్డాడు. అతనూ కడప వాడే. మస్కట్‌లో ఒకే ఇంట్లో ఆమె వంటా బట్టలూ చూస్తుంది, అతను బండి నడుపుతాడు.

"దొరికిందా అక్కా?"

"ఏం దొరికేది లేప్పా. బిడ్డలేసుకునే వేషాలు చూపిస్తాండారు."

"ఈ కాలంలో మగోడి పావడా కుట్టేవాడు యాడుంటాడక్కా."

గంగులమ్మకు నవ్వు రాలేదు. వేరే రోజైతే వచ్చేదే. మోకాళ్ళ దాకా ఉన్ని గళ్ళగుడ్డ, వెనకంతా చీర కుచ్చిళ్ళలాంటి కుచ్చిళ్ళు, పక్కన తోలు పట్టీలు. దాన్ని కిల్టు అంటారు. ఇంటి పెద్దాయన జుమా బాబా పాతికేళ్ళు సైన్యం బ్యాండులో పనిచేసి, అది కట్టుకునే తిత్తి ఊదాడు. ఆ తోలుసంచి వాయిద్యానికి ఇంగ్లీషులో వేరే పేరుంది గాని గంగులమ్మకు తన ఊళ్ళో విన్న తిత్తే అది, అందుకని ఆ పేరే పెట్టుకుంది. ఏడాదికోసారి పాత బ్యాండు వాళ్ళంతా మస్కట్ అవతల బర్కా ఊళ్ళో ఒక తోటలో కలుస్తారు. ఆ రోజు బాబా కిల్టు కట్టుకుని పోతాడు. ఆ రోజు ఈ శుక్రవారమే.

దాన్ని పాడుచేసింది గంగులమ్మే. పాడు చేద్దామని చేసిందా? పెట్టెలోంచి తీస్తే కర్పూరం గోలీల వాసన కొట్టింది. నడుము దగ్గర తుప్పు పట్టిన పిన్నీసులు రెండు కనిపిస్తే తీసి తన పుస్తెలతాడుకు తగిలించుకుంది, ఇంట్లో ఏ పిన్నీసు దొరికినా ఆమె చేసే పని అదే. తర్వాత వేణ్ణీళ్ళలో నానేసి, బాగా రుద్ది, చిక్కటి గంజి కాచి పెట్టింది. కడపలో పెళ్ళికి కట్టే పంచె అయినా, పండక్కి కట్టే చీరె అయినా గంజి పెట్టకుండా దండెం మీద వేస్తే ఆ ఆడదానికి పని రాదంటారు. పెద్దాయన గుడ్డ కదా అని ఇంకో గరిటె ఎక్కువే పోసింది. మిద్దె మీద మస్కట్ ఎండలో మధ్యాహ్నానికల్లా అది అప్పడంలా బిగుసుకుని, ముడుచుకుని, చిన్నపిల్లవాడి గుడ్డయి కూర్చుంది.

అల్ హైల్‌లోని ఇంటికి వచ్చేసరికి మేడమ్ హుస్నా హాల్లో ల్యాప్‌టాప్ ముందు ఉంది. ఆమె బాబా కోడలు. భర్తకు ఉద్యోగం సలాలాలో, నెలకోసారి వస్తాడు. ఆఫీసు, పిల్లలు, మామ, అన్నీ ఆమె నెత్తినే ఉన్నాయి. ఆ సంగతి గంగులమ్మకు తెలుసు. తెలిసినంత మాత్రాన ఆ చూపు మెత్తబడదు.

"దొరికిందా?"

"లేదు మేడమ్."

"అయితే వెతుకు. శుక్రవారం బాబా ఏం వేసుకుని పోవాలి? అది తేలేదాకా సెలవు మాట ఎత్తకు."

గంగులమ్మ పాస్‌పోర్టు మేడమ్ బీరువాలో ఉంది. శనివారానికి టిక్కెట్టు తీసి రెండు నెలలైంది. కూతురు అంజలికి తొలికాన్పు, పుట్టింట్లోనే జరగాలి, పుట్టింట్లో గంగులమ్మ తప్ప ఆడదిక్కు లేదు. ఒక గుడ్డ ముడుచుకుపోతే కన్నబిడ్డ పురుడు ఆపుతారా అని అడగాలని ఉంది ఆమెకు. ఆమెకొచ్చిన అరబ్బీ ఉప్పూ పప్పూ ఇస్త్రీల వరకే. అంతకంటే ముందు, గుడ్డ పాడైంది తన చేతిలోనే కదా అనుకుని వంటింట్లోకి నడిచింది.

బాబా గది పెరట్లోకి ఉంటుంది. గంగులమ్మ అన్నం, చేపల కూర పళ్ళెంలో పెట్టుకుని వెళ్ళింది. ఆయన మంచం మీద కూర్చుని రేడియో వింటున్నాడు. గుడ్డ పాడైన రోజు కూడా ఆయన ఒక్క మాట అనలేదు. బిగుసుకుపోయిన కుచ్చిళ్ళను వేళ్ళతో నొక్కి చూసి, "పరవాలేదులే గంగూ," అన్నాడు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది. ఇది ఎవరు కుట్టారని ఆయన్ను అడగడానికి కూడా ఆమెకు ముఖం చెల్లలేదు.

"తిను బాబా. వేడిగా ఉంది."

"తింటాను. అక్కడ పెట్టు."

కిటికీ అవతల గోడమీద పిల్లులు బలిసి కూర్చున్నాయి. గంగులమ్మ పళ్ళెం పెట్టి వచ్చేసింది. కాసేపటికి ఎప్పటిలాగే ఖాళీ పళ్ళెం గడప దగ్గర ఉంది.

గిన్నెలు తోముతుంటే ఫోను మోగింది.

"అమ్మా, డాక్టరమ్మ వొచ్చే ఆదివారం దాటినాక ఎప్పుడైనా కావొచ్చంటాంది. శనివారం వొస్తాండావు గదా?"

"వొస్తా నాయనా."

"పెట్టె సర్దుకున్నావా?"

"సర్దుకుంటాండా," అంది గంగులమ్మ, చేతిలో పీచు పట్టుకుని.

సోమవారం సీబ్ సూకుకు, అంటే అక్కడి పాత బజారుకు, పోయారు. సముద్రం ఒడ్డున పాత సందులు, ఒమానీ మగవాళ్ళు వేసుకునే పొడుగు చొక్కాలు కుట్టే దుకాణాలు వరసగా ఉంటాయని జిలాని చెప్పాడు. నిజమే, బోర్డులు వరసగా ఉన్నాయి. లోపల కుట్టేవాళ్ళు లేరు. ప్యాకెట్లలో వచ్చిన చొక్కాలు రంగులవారీగా పేర్చి ఉన్నాయి. ఒక్క దుకాణంలో మాత్రం ముసలి చిట్టగాంగ్ టైలరు మెడ పట్టీకి కుచ్చు అల్లుతున్నాడు. ఆయన గుడ్డను వెలుతురుకు పట్టుకుని, నడుము లోపలివైపు గోటితో గీకాడు. గంజి పొట్టులా రాలింది. రాలిన చోట చిన్న గుడ్డముక్క మీద అక్షరాలు బయటపడ్డాయి. జిలాని కూడబలుక్కుని చదివాడు, "ఖమరుద్దీన్ టైలర్స్, రువి."

"సియాల్‌కోట్ మనిషి," అన్నాడు ముసలాయన. "బ్యాండు బట్టలు కుట్టేవాడు. ఉన్నాడో లేడో."

మర్నాడు రువి. పిల్లల్ని స్కూల్లో దింపి జిలాని అటు తిప్పాడు. అడుగుతూ అడుగుతూ పోతే ఆ పేరున్నచోట ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. గోడంతా ఒకటే రకం కవర్లు వేలాడుతున్నాయి. గంగులమ్మ అరుగు మీద కూలబడింది. ఎదురుగా చాయ్ కొట్టు కేరళ ఆయన ఏమనుకున్నాడో, అడక్కుండానే నీళ్ళ గ్లాసు తెచ్చి ఇచ్చాడు.

"ఖమరుద్దీన్ భాయ్ దేశం వెళ్ళిపోయాడు," అన్నాడు హిందీలో. "ఇప్పుడంతా ఆర్డరు పెడితే డబ్బాల్లో దిగుతాయి గదా, ఈయన దగ్గరికెవరొస్తారు. దగ్గరుండి పని నేర్చుకున్నవాడు మీ తెలుగువాడే. పోచన్న. ఏదో మాల్లో కూర్చుంటున్నాడు." మాలు పేరు కూడా చెప్పాడు.

జిలాని గంగులమ్మ ముఖం వైపు చూశాడు. ఆదివారం చివరికి పోయిన మాలే అది.

"తెర యెనకాల అద్దాల మనిషి," అంది గంగులమ్మ. "నన్ను చూసి తల దించుకున్నాడు. కట్టె మాదిరి నిలబడి వొచ్చేసినా నేను."

ఈసారి ఆమె కౌంటరు దగ్గర ఆగలేదు. తిన్నగా తెర దగ్గరికి పోయి, "పోచన్నా," అని పిలిచింది. మిషను ఆగింది.

యాభై దాటిన మనిషి. మెడలో టేపు, చొక్కా మీద కంపెనీ గుర్తు. "ఎవలు నువ్వు?" అన్నాడు ఆశ్చర్యపోయి.

గంగులమ్మ గుడ్డ తీసి బల్ల మీద పరిచింది. పోచన్న ముందు లేబులు చూశాడు. అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"గీ లేబుల్ గుట్టింది నేనే. కుచ్చిళ్ళు మా మాస్టర్‌వి." కుచ్చిళ్ళ మీద చెయ్యి వేసి ఉలిక్కిపడ్డాడు. "గిదేంది? గంజి పెట్టిండ్రా ఉన్నికి?"

"నేనే పెట్టినా అన్నా."

"ఎవలన్న పెడ్తరా చెల్లె?"

"తెలీక పెట్టినా. బాగుచేస్తావా? శుక్రవారానికి కావాల."

పోచన్న కౌంటరు వైపు చూసి గొంతు తగ్గించాడు. "నాతోని కాదు. గీడ కొన్న బట్ట దప్ప ఇంకోటి ముట్టొద్దు. సూపర్వైజర్ జూస్తే నౌకరి వోతది. మల్ల, గీ పని ఇడ్సిపెట్టి శాన ఏండ్లైంది. చేతులు తప్పినయ్."

గంగులమ్మకు ఇక నిలబడే ఓపిక లేదు. ప్యాంట్ల కట్టల మీదే కూర్చుంది. బతిమాలడం కూడా ఆమెకు విసుగొచ్చింది. "నా కూతురికి తొలికాన్పన్నా. ఇది బాగైతేనే నన్ను పంపిస్తానంటాంది మా మేడమ్. శనివారం టిక్కెట్టు. యాడ తిరిగినా సైజెంత, సైజెంత అంటాండారు. నాకేం తెలుసు సైజు," అంది.

పోచన్న గుడ్డను రెండు మడతలు వేసి, తన టిఫిను సంచిలోకి తోశాడు.

"రేపు నాకు ఛుట్టి. అల్ హైల్‌లనే మా రూమ్. రాత్రి సల్లనీళ్ళల్ల ఏసి గంజి ఇడిపిస్త." లేచి తెర సర్దుకుంటూ అన్నాడు, "ఉట్టి గుడ్డ తెస్తే నేనేం జెయ్యాలె? రేపు మనిషిని తీస్కరా. ఒంటికి వెట్టి జూడకుంట మా మాస్టర్ సూదిల దారం గూడ ఎక్కియ్యకపోతుండె."

ఆ మాట మేడమ్‌కు చెప్పడానికి గంగులమ్మకు రాత్రంతా పట్టింది. కార్మికుల రూముకు మామగారిని తీసుకుపోవడమేమిటని మేడమ్ మొదట కొట్టిపారేసింది. బాబా మాత్రం "ఖమరుద్దీన్ మనిషా?" అని లేచి చొక్కా వెతుక్కున్నాడు. బుధవారం మధ్యాహ్నం ఆఫీసు నుంచి వచ్చి మేడమ్ కూడా బండెక్కింది, ముఖం ముడుచుకునే.

వర్క్‌షాపుల వెనక సందులో రెండో అంతస్తు. మెట్లమీద బూట్లు, బకెట్లు. బాబా ప్రతి మలుపులో ఆగి ఊపిరి తీసుకున్నాడు. రూములో రెండంతస్తుల మంచాలు నాలుగు, వాటికి లుంగీలు తెరలుగా కట్టి ఉన్నాయి. మిగతావాళ్ళు డ్యూటీకి పోయారు. కిటికీకీ ఫ్రిజ్జుకీ మధ్య, మనిషి పక్కకు తిరిగితేనే పట్టే చోట, నల్లటి పాత మిషను ఉంది.

"మాస్టర్ వొయ్యేటప్పుడు ఇచ్చిపోయిండు," అన్నాడు పోచన్న. మిషనుకు పైన గోడమేకుకు చెక్క స్కేలు, సుద్దముక్క, పెద్ద కత్తెర వేలాడుతున్నాయి. మస్కట్ అంతా తిరిగి వెతికిన దుకాణం ఇదేనని గంగులమ్మకు అర్థమైంది. బోర్డు లేదు, అంతే.

బాబా పోచన్నను గుర్తుపట్టలేదు. పోచన్న ఆయన్ను గుర్తుపట్టాడు. "శాన దొడ్డుండె అప్పుడు," అన్నాడు గంగులమ్మతో. "మాస్టర్ టేపు చుట్టూర తిప్పెటోడు నవ్వుకుంట."

పోచన్న కిల్టు పట్టుకుని బాబాను లుంగీ తెర వెనక్కి తీసుకుపోయాడు. గంజి వదిలి గుడ్డ మెత్తబడింది గాని కుదించుకుపోయింది కుదించుకుపోయినట్టే ఉంది. ఆడవాళ్ళిద్దరూ తలుపు దగ్గర నిలబడ్డారు. లోపల పట్టీలు లాగుతున్న చప్పుడు. చాలదు, నడుము కలవదు, ఇంక శనివారం ప్రయాణం లేనట్టేనని గంగులమ్మ చీర కొంగు వేళ్ళకు చుట్టుకుంటూ నిలబడింది.

తెర తొలగింది. బాబా బయటికి వచ్చాడు. కిల్టు ఆయన నడుముకు అతికినట్టు పట్టింది. తోలు పట్టీ మాస్టర్ పెట్టిన పాత బెజ్జంలోనే పడింది. పొడవు మాత్రం మోకాలికి పైన బెత్తెడు ఎగిరిపోయి ఉంది.

"సరిపోయింది," అంది మేడమ్. గంగులమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. జిలాని తలుపు బయటి నుంచే నవ్వాడు.

పోచన్న నవ్వలేదు. చుట్టూ తిరిగి, పట్టీ కింద వేలు దూర్చి చూసి, మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. "చెల్లె, గుడ్డ గింత కుదించుకపోయింది. అయినా సరిపోయిందంటే పెద్దాయన ఎంత బక్కగైండో సూస్తున్నవా?" అన్నాడు. నడుముపట్టీ మీద వేలు పెట్టాడు. "ఈడ జూడు. పిన్నీసు పొక్కలు. పోయినేడాదే ఒదులైంది. పిన్నీసులు వెట్టి కట్టుకున్నడు."

గంగులమ్మ చెయ్యి దానంతటదే పుస్తెలతాడు మీదికి పోయింది. తుప్పు పట్టిన రెండు పిన్నీసులూ అక్కడే ఉన్నాయి. ఇన్ని రోజులూ మెడలో మోసుకుని తిరిగింది, ఆయన నడుముకు ఇవెందుకు కావలసి వచ్చాయో ఒక్కసారైనా అనుకోలేదు.

"ఏమంటున్నాడు?" అని అడిగింది మేడమ్.

చెప్పాల్సింది గంగులమ్మే. ఈ మాటకు సరిపడే అరబ్బీ ఆమె దగ్గర లేదు. ఉన్న మాటలతోనే చెప్పింది. "గుడ్డ చిన్నది అయింది మేడమ్. బాబా కూడా చిన్నది అయిపోయినాడు."

మేడమ్ మామగారి వైపు చూసింది. పొడుగు చొక్కా లేకుండా ఆయన్ను చూసి ఎన్నాళ్ళయిందో. బనీను కింద ఎముకలు లెక్కకు వస్తున్నాయి, కాళ్ళు పుల్లల్లా ఉన్నాయి. ఆమె కింది మంచం అంచున, ఎవరిదో దుప్పటి మీద, మెల్లగా కూర్చుంది.

"పళ్ళాలు ఖాళీగానే వస్తాయి కదా?" అంది.

"పిల్లులు," అంది గంగులమ్మ. అంటుండగానే ఏడుపొచ్చింది.

బాబా దొరికిపోయిన పిల్లవాడిలా తల పక్కకు తిప్పుకున్నాడు. "ఒక్కణ్ణే కూర్చుంటే తినబుద్ధి కాదు," అన్నాడు. "మీరంతా పనుల్లో ఉంటారు. పారేస్తే గంగూ బాధపడుతుంది."

 మేడమ్ గంగులమ్మ వైపు తిరిగింది. "నీ టిక్కెట్టు శనివారం కదా. పాస్‌పోర్టు రాత్రికి ఇస్తాను. వెళ్ళు."

ఈ మాట కోసమే ఆమె మాల్స్ తిరిగింది, సూకులు తిరిగింది, రువిలో అరుగు మీద కూలబడింది. తీరా చేతికొచ్చాక సంతోషం రాలేదు. ఉండిపోతాననే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడ అంజలి పొట్ట మీద చేతులు పెట్టుకుని దినాలు లెక్కపెడుతోంది. గంగులమ్మ ఆ మాటను మింగేసింది.

పోచన్నకు పని గుర్తొచ్చింది. మేకు మీది సుద్దముక్క అందుకున్నాడు. "పైన నల్లబట్ట పట్టీ ఏస్త. బెల్టు కిందికి వోతది, ఎవలకు కండ్లవడది. పొడుగు సరిపోతది. రేపు మాపటికి అందిస్త." సుద్దగీత గీయబోతూ ఆగాడు. "ఒంటికి వట్టినట్టు కొయ్యాల్నా? లోపట జరంత బట్ట మడిసి ఇడ్సాల్నా? ఒళ్ళు జేస్తే ఇప్పుకోవచ్చు."

"ఇడిసిపెట్టన్నా," అంది గంగులమ్మ. "నాలుగు వేళ్ళంత ఇడిసిపెట్టు. నేను తిరిగొచ్చేతలికి ఇప్పేదిగా ఉండాల."

పోచన్న గీత గీశాడు. గంగులమ్మ పుస్తెలతాడు నుంచి రెండు పిన్నీసులు తీసి, కొంగుతో తుప్పు తుడిచి, మేడమ్ ముందు చెయ్యి చాచింది. మేడమ్‌కు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమై, తీసుకోవడానికి భయపడింది.

"ఇవి ఊరికే ఉండనీ మేడమ్," అంది గంగులమ్మ తనకొచ్చిన వంటింటి అరబ్బీలో. "బాబాకు పెట్టే పని రానీయొద్దు. రాత్రి అన్నం నువ్వు బాబా పక్కన కూర్చో. నువ్వు తిను. బాబా తింటాడు."

హుస్నా పిన్నీసులు తీసుకుని, పెట్టడానికి ఇంకెక్కడా చోటు తోచక, తన తలగుడ్డ అంచుకే గుచ్చుకుంది.